ఎం3 సెడాన్ ఇచ్చేసి ఆర్8 తీసుకోవాలా?

ఫ్రిస్కో_వీ8
మూడు వారాలుగా ఈ ఒక్క విషయమే తలలో తిరుగుతోంది. నా దగ్గర 2011 బీఎండబ్ల్యూ ఎం3 ఉంది. నాలుగు తలుపుల సెడాన్, ఆరు గేర్ల మాన్యువల్, 68,000 మైళ్లు తిరిగింది. ఎనిమిదేళ్లుగా నా చేతిలోనే ఉంది. ఆఫీసుకు అదే, పాప బడికి అదే, నాన్నగారు తెనాలి నుంచి వస్తే గుడికీ అదే. ఇప్పుడు డాలస్‌లో ఒక డీలరు దగ్గరకు 2009 ఆడి ఆర్8 వచ్చింది. 4.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), ఇదీ మాన్యువలే, 41,000 మైళ్లు. గేరు కడ్డీ ఆ లోహపు పలక గాడిలో 'టక్' మని పడే చప్పుడు విని ఇంటికి వచ్చాను. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా లేదు.

ధర 86,000 డాలర్లు చెబుతున్నారు. నా కారు ఎక్స్‌ఛేంజ్‌కు ఇస్తే 21,000 కడతారట. మిగతాది కొంత దాచిన సొమ్ము, కొంత అప్పు. ఇంట్లో రెండో బండి మా ఆవిడ నడిపే మినీవ్యాన్. గ్యారేజీలో రెండింటికే చోటు. పాపకు ఆరేళ్లు, నాకు నలభై మూడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపిస్తుంది, మరుక్షణమే ఇంత మంచి సెడాన్ మళ్లీ దొరుకుతుందా అనిపిస్తుంది. ఇలా మార్చుకున్నవాళ్లు, మార్చుకుని వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

రెవ్వు_రాజు
తీసుకోండి. ఆర్8 తయారీయే 2024లో ఆగిపోయింది. మాన్యువల్ గేరు అయితే మొదటి తరంతోనే పోయింది. ఇంతకీ రంగు ఏమిటి?

లెక్కల_మాస్టారు
రంగు తర్వాత, ముందు ఎక్స్‌ఛేంజ్ లెక్క. టెక్సస్‌లో కారు కొంటే పన్ను 6.25 శాతం. పాత కారు అదే డీలరుకు ఇస్తే దాని విలువ తీసేసి మిగిలినదానిపైనే పన్ను వేస్తారు. మీకు 21,000 మీద 6.25 శాతం, అంటే సుమారు 1,312 డాలర్లు ఆదా. డీలరు ఈ మాట మీకు పదిసార్లు చెప్పి ఉంటాడు. చెప్పనిది ఏమిటంటే, మీ కారును మీరే నేరుగా అమ్మి 27,000 తెచ్చుకుంటే ఆ ఆదా పోయినా ఇంకా 4,688 మీ చేతిలో ఉంటాయి. 22,312 దాటి ఎవరిచ్చినా నేరుగా అమ్మడమే మేలు. అసలు మార్చాలా వద్దా అన్నది వేరే ప్రశ్న.

సాన్‌హోసే_సుధ
మాస్టారూ, మీ రాష్ట్రంలో ఆ వెసులుబాటైనా ఉంది. కాలిఫోర్నియాలో పాత కారు ఇచ్చినా కొత్తదాని పూర్తి ధర మీద పన్ను కట్టాల్సిందే.

పాత_మెకానిక్
ఆస్టిన్ నుంచి. ఇరవై ఏళ్లు కార్ల కింద పడుకుని బతికినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ కారు సంగతి. ఎం3లోని ఎస్65 ఇంజిన్‌కు కనెక్టింగ్ రాడ్ బేరింగులు, అంటే పిస్టన్ కడ్డీ క్రాంక్ షాఫ్ట్‌ను పట్టుకునే చోట ఉండే పల్చటి లోహపు పొరలు, ముందుగానే అరుగుతాయన్నది ఆ కారు తెలిసిన అందరికీ తెలుసు. మార్పించారా? రసీదు ఉందా? ఉంటే అమ్మకంలో మీ మాటకు బలం. లేకపోతే కొనేవాడు ఆ ఖర్చంతా మీ ధరలోంచి కోస్తాడు.

ఇక ఆర్8. మంచి విషయం, దానికి టైమింగ్ చైను. ఫెరారీ 360 లాంటి వాటికి మాదిరిగా కొన్నేళ్లకొకసారి బెల్టు మార్చే గొడవ లేదు. చూసుకోవలసినవి మూడు. మాగ్నెటిక్ రైడ్ షాకులు (కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్లు) నూనె కారతాయి, ఒక్కోటి వెయ్యి డాలర్లు దాటుతుంది, మొత్తం నాలుగు. క్లచ్ ఎంత మిగిలిందో తెలియాలి. ఇంకొకటి, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్ కాబట్టి గాలి లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనక మసి పేరుకుంటుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి దాన్ని దులపాలి. మీ ఎం3లో పెట్రోలు వాల్వులను కడుగుతూ లోపలికి పోతుంది, ఆ బాధ లేదు. డీలరుతో ఏ సంబంధమూ లేని మెకానిక్‌తో పరీక్ష చేయించకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టవద్దు.

ఫ్రిస్కో_వీ8
రాజు గారూ, ముదురు బూడిద రంగు, తలుపు వెనక పలక వెండి రంగు. మెకానిక్ గారూ, బేరింగులు ఇంకా మార్పించలేదు. మాస్టారూ, 21,000 విని సంతోషించాను, ఇప్పుడు ఆ సంతోషం లేదు.

గోదావరి_గట్టు
మీ ఎం3 414 హార్స్‌పవర్, ఆ ఆర్8 420. మీది 4 లీటర్లు, అది 4.2. రెండూ టర్బో లేని వీ8లే. మీది నిమిషానికి 8,400 చుట్ల వరకు తిరుగుతుంది, అది 8,250 వరకు. ఆరు గుర్రాల కోసం రెండు తలుపులు, మూడు సీట్లు, అరవై అయిదు వేల డాలర్లు ఇస్తారా? నాకు అరవై రెండేళ్లు. ఇలాంటి మార్పిడులు చేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నెకార్_తీరం
గట్టు గారి అంకెలు నిజమే, తీర్పుతో మాత్రం ఏకీభవించను. నేను జర్మనీలో హైల్‌బ్రోన్ దగ్గర ఉంటాను, ఆర్8 పుట్టిన నెకార్‌జుల్మ్ మాకు పక్క ఊరే. ఆ పేరు మామూలుది కాదు. ల మాన్స్ 24 గంటల పందెంలో 2000, 2001, 2002, 2004, 2005లలో గెలిచిన కారు పేరు అది.

గుర్రాలు కాదు చూడవలసింది, బరువు ఎక్కడ ఉందన్నది. ఎం3లో బరువు ముందూ వెనకా దాదాపు సమానమే, కానీ అది రెండు చివరలకూ పంచుకుని ఉంటుంది. ఆర్8లో ఇంజిన్ మీ వీపు వెనకే, రెండు ఇరుసుల మధ్య. కావడి భుజాన వేసుకుని సందు మలుపు తిరిగి చూడండి, తర్వాత బిందె చంకన పెట్టుకుని తిరిగి చూడండి. మోసే బరువు ఒకటే అయినా తిరగడంలో తేడా వెంటనే తెలుస్తుంది. స్టీరింగ్ కాస్త తిప్పగానే కారంతా ఒక్కసారిగా మీతో తిరుగుతుంది. నేను ఒక్కరోజే నడిపాను, నాలుగేళ్లయినా మరచిపోలేదు.

గోదావరి_గట్టు
కావడి ఉపమానం బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆయన ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. గీత గీసినట్టుండే రోడ్లు. ఆ మలుపులు ఎక్కడ ఉన్నాయి నాయనా?

పాత_మెకానిక్
టెక్సస్‌లో మలుపులు లేవంటే నేను ఊరుకోను. లేకీ ఊరి దగ్గర 335, 336, 337 నంబర్ల కొండదారులు ఉన్నాయి. అయితే డాలస్ నుంచి అక్కడికి చేరడానికే ఐదారు గంటలు, ఆ మాట నిజం.

కొండాపూర్_కిరణ్
హైదరాబాదు నుంచి చదువుతున్నాను. ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, పరిమితి 120. మీరు తిరిగి వచ్చేటప్పుడు ఆ ఆర్8 వెంట తెచ్చుకోవచ్చా?

లెక్కల_మాస్టారు
కుదరదు కిరణ్ గారూ. వాడిన కారును భారతదేశానికి తేవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, కారు వయసు మూడేళ్లు దాటకూడదు. ఇది రెండు లెక్కల్లోనూ తప్పింది. సుంకం మాట ఎత్తనే అక్కరలేదు.

ఎడిసన్_నాని
నేను వెనక్కి వచ్చినవాణ్ణి. ఆలస్యంగా చూశాను, కాస్త పెద్దగానే రాస్తాను.

ఆరేళ్ల క్రితం నా జర్మన్ సెడాన్ అమ్మి రెండు సీట్ల ఇటాలియన్ కారు ఒకటి కొన్నాను. పేరు వద్దు, కారు తప్పేమీ లేదు. మొదటి నెల ప్రతి ఉదయం గ్యారేజీ తలుపు తీసి ఊరికే చూసి వచ్చేవాణ్ణి. రెండో నెల నుంచి భయం మొదలైంది. దుకాణం ముందు ఆపాలంటే భయం, వాన పడితే భయం, పక్కవాడు తలుపు తీస్తే భయం. ఆదివారం అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లాలంటే ఇద్దరు ఒక కారులో, ఇద్దరు ఇంకో కారులో. సిగ్నల్ దగ్గర పక్క వరుసలో నా పిల్లలు నవ్వుకుంటూ కనిపించేవారు, ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు. దానికితోడు, కొన్న చోట కొత్తదని చెప్పిన క్లచ్ ఏడు నెలలకే పోయింది. నేను పరీక్ష చేయించకుండా కొన్నాను, మెకానిక్ గారి మాట అప్పుడు వినిపించి ఉంటే బాగుండేది.

పద్నాలుగు నెలల్లో 1,900 మైళ్లు తిప్పి అమ్మేశాను. డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. పాత సెడాన్ కోసం వెతికితే కొన్నవాడు దాన్ని గుద్దేశాడని తెలిసింది, ఆ రోజు నిజంగా బాధపడ్డాను. మీరు ఏం చేసినా ఎక్స్‌ఛేంజ్ మాత్రం తొందరపడి చేయవద్దు.

సాన్‌హోసే_సుధ
నాని గారూ, ఆ సిగ్నల్ మాట చదివి కాసేపు ఆగిపోయాను.

కళ్యాణి_911
ఇక్కడ అందరూ సెడాన్, రెండు సీట్ల కారు అని రెండే దారులు ఉన్నట్టు మాట్లాడుతున్నారు. నేను అట్లాంటాలో 2010 పోర్షే 911 నడుపుతున్నాను, 997 తరంలో రెండో విడత. అంతకు ముందువాటిలో భయపెట్టే ఐఎంఎస్ బేరింగ్ (పోతే ఇంజిన్‌నే పాడుచేసే లోపలి ఇరుసు బేరింగు) ఈ ఇంజిన్‌లో అసలు లేదు. వెనక రెండు బుల్లి సీట్లు ఉన్నాయి. మా అబ్బాయికి ఏడేళ్లు, పిల్లల బూస్టర్ సీటు వేసుకుని అక్కడే కూర్చుంటాడు. ఇంకో మూడు నాలుగేళ్లు సరిపోతాడు. రోజూ ఆఫీసుకు ఇదే కారు, వానలోనూ ఇదే. నాని గారికి ఉన్న భయం నాకు ఒక్కరోజు కూడా లేదు, ఎందుకంటే దీన్ని దాచుకోవడానికి కొనలేదు. ఫ్రిస్కో గారూ, ఇది ఒకసారి చూడండి.

ఫ్రిస్కో_వీ8
కళ్యాణి గారూ, చూశాను, నడిపాను కూడా. చాలా మంచి కారు. కానీ నాకు నిద్ర పట్టనిది మంచి కారు కోసం కాదు, ఆ ఒక్క కారు కోసం. 2006లో చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, పారిస్ ప్రదర్శనలో దాన్ని బయటపెట్టిన ఫొటో చూసి ల్యాబ్ కంప్యూటర్‌లో తెర మీద పెట్టుకున్నాను. అప్పుడు నా దగ్గర సైకిల్ కూడా లేదు.

కళ్యాణి_911
అలా చెప్పండి మరి. అయితే నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

గోదావరి_గట్టు
ఫొటో సంగతి మొదటే చెప్పి ఉంటే నేను గుర్రాలు లెక్కపెట్టేవాణ్ణి కాదు. అయినా పాప ఉంది, ఆలోచించండి.

ప్లేనో_పద్మ
వడగళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మార్చి నుంచి మే వరకు ఇక్కడ ఎలా పడతాయో మీకు తెలుసు. మా వీధిలో ఒక్క సాయంత్రం పదకొండు కార్ల బానెట్లు సొట్టలు పోయాయి. ఆర్8 వెనక ఇంజిన్ మీద ఉన్నది అద్దం. ఆఫీసులో నీడ లేని పార్కింగ్ అయితే ఆ మూడు నెలలు కారు ఇంట్లోనే ఉంటుంది. బీమా కూడా ముందుగా ఒప్పుకున్న విలువకే తీసుకోండి. మామూలు పాలసీలో వాళ్లు చెప్పిందే విలువ.

రెవ్వు_రాజు
వాహన పూజ సంగతి కూడా చూసుకోండి. ముందు బంపరు అంత కిందకు ఉంటే చక్రాల కిందకు చిన్న నిమ్మకాయలు ఏరి తెమ్మనాలి.

ప్లేనో_పద్మ
చిన్నవి మా పెరట్లోనే కాస్తున్నాయి. ఎవరు కొన్నా నేను ఇస్తాను.

లెక్కల_మాస్టారు
ఫ్రిస్కో గారూ, ఒక పని చేయండి. రెండు వారాలు కారులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తాళం తిప్పిన ప్రతిసారీ ఎక్కడికి, ఎంత దూరం, పక్కన ఎవరు, వెనక ఎవరు అని రాయండి. ఇంకేమీ వద్దు. తర్వాత మాట్లాడదాం.

రెవ్వు_రాజు
రెండు వారాలు ఆ కారు అక్కడే ఉంటుందా మాస్టారూ?

పాత_మెకానిక్
86,000కు పదిహేనేళ్లు దాటిన కారు. ఉంటుంది. ఈలోగా పరీక్ష చేయించండి.

ఫ్రిస్కో_వీ8
పదహారు రోజుల తర్వాత వస్తున్నాను. ఒక్కొక్కటే చెబుతాను.

పరీక్ష చేయించాను. ఇంజిన్ బాగుంది, లోపల మసి ఉంది కానీ ఎక్కువ కాదు. క్లచ్ సగం పైనే ఉందన్నారు. వెనక షాకులు రెండూ నూనె కారుతున్నాయి. టైర్లు చూడటానికి కొత్తవే, పక్కన ఉన్న తేదీ చూస్తే తొమ్మిదేళ్లవి. డీలరు రెండు వేలు తగ్గించి 84,000 దగ్గర ఆగాడు.

శనివారం మళ్లీ నడపడానికి వెళ్లాను. నాన్నగారు కూడా వచ్చారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, అందులో కూర్చోవడానికి నా భుజం పట్టుకున్నారు, లేవడానికి ఇద్దరం కష్టపడ్డాం. కారులో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను నడిపింది ఇరవై నిమిషాలే. నెకార్ గారూ, మీరు చెప్పిన బిందె సంగతి మొదటి మలుపులోనే తెలిసింది. 6,000 దాటాక వెనక నుంచి వచ్చే ఆ మోత గురించి నాకు రాయడం రాదు.

తిరిగి ఎం3లో ఇంటికి వస్తుంటే నాన్నగారు అన్నారు: "నువ్వు పుట్టక ముందు నా దగ్గర ఎజ్డీ మోటారు సైకిల్ ఉండేది. నీకు ఏడాది నిండాక అమ్మేసి స్కూటర్ కొన్నాను, నిన్ను ముందు నిలబెట్టుకోవచ్చని." నలభై మూడేళ్లలో ఈ మాట నేను వినలేదు. అమ్మినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని అడిగాను. "స్కూటర్ మీద నువ్వు హారన్ వదిలేవాడివి కాదు" అన్నారు. కాసేపాగి, "ఎజ్డీ చప్పుడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది" అన్నారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు. నాకు దారి చూపాలని చెప్పిన మాటలు కావు అవి, అడిగినదానికి జవాబు చెప్పారు, అంతే.

ఇక పుస్తకం. రెండు వారాల్లో 34 సార్లు తాళం తిప్పాను. వెనక సీట్లో మనిషి ఉన్నది 21 సార్లు. నేను ఒక్కణ్ణే ఉన్నది 11 సార్లు, అందులో పది ఆఫీసుకు పోయి రావడమే, టోల్‌వే మీద ట్రాఫిక్‌లో. మిగిలిన ఒక్కటి ఆదివారం తెల్లవారుజామున, ఏ పనీ లేకుండా, 40 మైళ్లు. ఆ 40 మైళ్ల కోసమే నేను ఆర్8 కొనాలి. ఆ పేజీ మా ఆవిడకు చూపించాను. "కావాలంటే కొనుక్కో, నేను అడ్డు చెప్పను, కానీ ఆ 21లో పాపను ఎవరు దింపుతారో కూడా రాసి పెట్టు" అంది. రాయలేకపోయాను.

ఈ సారికి వద్దనుకున్నాను. పాప నాతో బడికి వచ్చే రోజులు ఇంకెన్నో లేవు. ఎం3 ఉంచుకుంటున్నాను. మెకానిక్ గారూ, బేరింగులు మీరే మారుస్తారా?

పాత_మెకానిక్
మారుస్తాను. వచ్చే నెల రెండో వారం తీసుకురండి. రెండు రోజులు ఉంచాలి. థ్రాటిల్ యాక్చువేటర్లు (ఇంజిన్‌కు గాలి వదిలే మూతలను కదిపే మోటార్లు) కూడా అప్పుడే చూసేద్దాం.

నెకార్_తీరం
నాకు కొంచెం బాధగానే ఉంది. కానీ మీ పుస్తకం ముందు వాదించలేను.

ఎడిసన్_నాని
సిగ్నల్ దగ్గర మీ పాప ఎందుకు నవ్వుతోందో మీకు తెలుస్తుంది. సంతోషం.

కళ్యాణి_911
మీ ఆవిడ గారికి నా నమస్కారాలు.

గోదావరి_గట్టు
నాన్నగారు ఎంతవరకు ఉంటారు? ఎజ్డీ ఏ సంవత్సరంది? నా దగ్గరా ఒకటి ఉండేది, 1979 మోడలు. గేరు కడ్డీనే లోపలికి నొక్కి తిప్పితే కిక్కు రాడ్డు అయ్యేది. తెనాలిలో ఎక్కడ కొన్నారో అడిగి చెప్పండి.

ఫ్రిస్కో_వీ8
మార్చి వరకు ఉంటారు గట్టు గారూ. అడిగాను, గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. మీరు ఫోను చేస్తానంటే మాట్లాడతానంటున్నారు.

రెవ్వు_రాజు
ఒక విషయం చెప్పాలి. ఫ్రిస్కో గారు వద్దని రాసిన మర్నాడు హ్యూస్టన్ నుంచి బయలుదేరి వెళ్లాను. నా పిల్లలు ఇద్దరూ కాలేజీకి వెళ్లిపోయారు, నా పుస్తకంలో వెనక సీటు ఎప్పుడూ ఖాళీయే. ఎక్స్‌ఛేంజ్ ఏమీ లేదు, పికప్ ట్రక్కు నాతోనే ఉంది. షాకులు, టైర్ల తేదీలు పేరుపేరునా చెప్పేసరికి 80,500కు దిగారు. నిన్న రాత్రి ఇంటికి తెచ్చాను.

లెక్కల_మాస్టారు
ఫ్రిస్కో గారు పరీక్షకు పెట్టిన డబ్బు సగం మీరు ఇవ్వాలి రాజు గారూ.

రెవ్వు_రాజు
మొత్తం ఇస్తాను మాస్టారూ, అది న్యాయం.

ఫ్రిస్కో_వీ8
చదివి పది నిమిషాలు అలా కూర్చుండిపోయాను. కుళ్లు లేదని అనను. కానీ ఎవరో ముక్కూముఖం తెలియనివారి దగ్గరకు పోలేదు, అది నాకు నిజంగా ఊరట. డబ్బు వద్దు రాజు గారూ. బేరింగులు అయ్యాక ఒక శనివారం లేకీ వస్తారా? 337 మీద ఒక్కసారి నడపనిస్తే చాలు.

రెవ్వు_రాజు
తాళం మీకే ఇస్తాను. ఆ రోజుకు మీ ఎం3 తాళం నాకివ్వండి. మెకానిక్ గారు కూడా వస్తే వెనక సీటు ఉన్నది మీ కారులోనే.